రథం కొన్నాం సరే, గుర్రాలకు దాణా ఎవరు పెడతారు?



లూకా సువార్త 14వ అధ్యాయంలో గోపురం కట్టదలచిన మనిషిని గూర్చి యేసుప్రభువు చెప్పిన మాట మీకందరికీ తెలిసిందే. పునాది వేశాక చేతిలో డబ్బు చాలక పని ఆపేసిన వానిని చూసి ఊరివారు నవ్వుతారు. అందుకే ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకొమ్మన్నారు ప్రభువు. ఈ వాక్యాన్ని మనం గుడి కట్టేటప్పుడు చదువుకుంటాం, ఇంటికి శంకుస్థాపన చేసేటప్పుడు చదువుకుంటాం. కారు కొనేటప్పుడు చదువుకున్న వారిని మాత్రం నేనింతవరకు చూడలేదు. కారు తాళాలు చేతికి వచ్చాక గుడి ముందు నిలిపి, నిమ్మకాయలు కట్టకుండా పూలదండ మాత్రం వేసి, "ఫాదర్‌గారూ, కాస్త తీర్థజలం చల్లండి" అంటారు. చల్లుతాం. దీవించడం మా పని. అయితే ఆ దీవెన కారుకు సంబంధించినదే గాని, దాని మీద తెచ్చిన అప్పుకు సంబంధించినది కాదని ఈ వారం కొంచెం వివరంగా మాట్లాడుకుందాం.

కారు ఉండటం పాపమని చెప్పడానికి ఈ నాలుగు మాటలు రాయడం లేదు. అర్ధరాత్రి పక్కింటి ఆమెకు నొప్పులు వస్తే కారున్నవాడే కదా ఆదుకునేది! నేను చెబుతున్నది మరొక రకం బండి గురించి. పేరున్న విదేశీ కంపెనీ విలాసవంతమైన కారు, కొత్తది కొనే స్తోమతు లేక, అయిదారేళ్లు వాడినది చవకగా వచ్చిందని హైదరాబాదు నుంచో బెంగుళూరు నుంచో తెచ్చుకునే బండి. కూతురి పెండ్లికి వియ్యాలవారి ముందు తల దించుకోకూడదని కొన్నవారున్నారు. కొడుకు విదేశంలో ఉద్యోగం చేస్తున్నాడు గనుక ఊళ్లో ఆ మాత్రం కనపడాలని కొన్నవారున్నారు. కొన్నవారిని తప్పుపట్టే ముందు, ఆ బండి ఎందుకు చవకగా వచ్చిందో తెలుసుకోవాలి.

మన దేశంలో వాహన భీమా లెక్క ఒకటుంది. కొత్తగా 60 లక్షలు పెట్టి కొన్న కారు విలువను రెండో ఏడు నూటికి 20 వంతులు, మూడో ఏడు 30, నాలుగో ఏడు 40, అయిదో ఏడు 50 వంతులు తగ్గించి లెక్కిస్తారు. అంటే అయిదో ఏట ఆ బండి భీమావారి దృష్టిలో 30 లక్షలది. బజారులో చాలాసార్లు అంతకన్నా తక్కువకే దొరుకుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. కాని ఆ బండి ముందు దీపం ధర సగం కాలేదు. దాని బ్రేకు పళ్లేల ధర సగం కాలేదు. దాన్ని విప్పి బిగించే మెకానిక్కు కూలి సగం కాలేదు. మీరు కొన్నది 20 లక్షల బండే కావచ్చు, అయితే అది పాడైనప్పుడు 60 లక్షల బండిలాగానే బిల్లు అడుగుతుంది. మొదటి యజమాని దాన్ని ఎప్పుడు అమ్ముకున్నాడో చూడండి. కంపెనీ ఇచ్చిన వారంటీ ముగిసే వేళకే అమ్మి ఉంటాడు. అతడు తెలివైనవాడు, మోసగాడు కాడు. వారంటీ కాలంలో ఆ కంపెనీ భరించిన ఖర్చు ఇకమీద మీది, అంతే.

ఆ ఖర్చు ఎక్కడెక్కడ దాక్కుని ఉంటుందో వర్క్‌షాపుల వారిని అడిగి తెలుసుకోవడం మంచిది. వారు దాచరు. కొన్ని పెద్ద కార్లకు మామూలు ఉక్కు స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులుంటాయి. కూర్చున్నవారికి ఊయలలో ఉన్నట్టుంటుంది. రబ్బరు రబ్బరే కదా, ఎండకు, వయసుకు పగుళ్లిస్తుంది. సన్నగా గాలి కారుతుంది. తెల్లవారి చూస్తే బండి ఒక మూల కూలబడి, మోకాళ్ల నొప్పులున్న ముసలివానిలా ఉంటుంది. ఇంజను వేయగానే మళ్లీ లేస్తుంది గనుక యజమాని పట్టించుకోడు. కాని కారిపోయిన గాలిని మళ్లీ మళ్లీ నింపడానికి లోపలున్న చిన్న కంప్రెసరు విశ్రాంతి లేకుండా తిరిగి తిరిగి చివరకు కాలిపోతుంది. తిత్తి ఒక్కటే మార్చి ఉంటే ఒక బిల్లుతో పోయేది. ఇప్పుడు రెండు బిల్లులు, ఒక్కొక్కటి గుండె పట్టుకునేంత.

టైర్ల సంగతి చూడండి. ఇలాంటి చాలా కార్లలో స్టెప్నీ టైరు ఉండదు. గాలి పోయినా 80 కిలోమీటర్ల దూరం, గంటకు 80కి మించని వేగంతో నడిచేలా గట్టి అంచులున్న టైర్లు వేస్తారు. మంచి ఏర్పాటే. కాని అలా గాలి లేకుండా పరుగెత్తిన టైరుకు చాలావరకు పంక్చరు వేయరు, మార్చాల్సిందే. వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ ఉన్న ఆ టైర్లు మన ఊరి స్పీడు బ్రేకర్లకు, వానాకాలం గుంతలకు చేసినవి కావు. గుంతలో పడితే టైరుతో పాటు రిమ్ము కూడా వంగుతుంది. చిన్న కారు ఇంజనుకు మూడు, మూడున్నర లీటర్ల ఆయిలు చాలు. వీటికి ఆరు నుంచి తొమ్మిది లీటర్లు, అదీ ఖరీదైన సింథటిక్ ఆయిలు కావాలి. బ్యాటరీ మార్చితే చాలదు, కొత్త బ్యాటరీ వేశామని కారులోని కంప్యూటరుకు తెలియజెప్పాలి. అందుకొక యంత్రం, ఆ యంత్రం వాడటం తెలిసిన మనిషి ఉండాలి. మన సెంటరులో చెట్టు కింద పనిచేసే మెకానిక్కు ఎంత నిపుణుడైనా ఇక్కడ నిస్సహాయుడు. ఇక ముందు దీపం. రోడ్డు మలుపును బట్టి తనంతట తాను తిరిగే దీపాలు కొన్ని ఒక్కొక్కటి లక్ష రూపాయల పైమాటే. ఎదురుగా గేదె వస్తే ఆ దీపం మలుపు తిరగదు!

భూమి మీద ధనం కూడబెట్టుకుంటే చిమ్మటలు, తుప్పు తినివేస్తాయని, దొంగలు కన్నం వేస్తారని ప్రభువు చెప్పారు కదా. మన వర్క్‌షాపుల వారు ఆ జాబితాలో ఎలుకను కూడా చేర్చమంటారు. వారం రోజులు బండి తీయకపోతే ఇంజను గదిలో కాపురం పెట్టి వైర్లు కొరుకుతుంది. ఆ వైర్ల కట్ట మొత్తం మార్చవలసి వస్తే ఎలుక మీద కోపగించుకుని ప్రయోజనం లేదు.

"భీమా ఉంది కదా ఫాదర్‌గారూ" అంటారు. ఉంది. పాలసీ కాగితం వెనక చిన్న అక్షరాల్లో ఏముందో కూడా చదవాలి. మామూలు పాలసీలో ప్రమాదం జరిగితే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగుల ధరలో సగమే ఇస్తారు. మిగతా సగం మీది. తరుగుదల లేకుండా ఇచ్చే అదనపు పాలసీ తరచుగా మొదటి అయిదేళ్ల బండ్లకే దొరుకుతుంది, మీరు కొన్నదేమో ఆరో ఏట. పైగా భీమా ప్రమాదానికే గాని అరుగుదలకు కాదు. పైన చెప్పిన గాలి తిత్తి, కంప్రెసరు వీటిలో దేనికీ భీమా పైసా ఇవ్వదు. మరొక్క మాట, ఇది గుర్తుంచుకోవలసింది. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో, ఇళ్ల ముందున్న బండ్లు నీట మునిగాయి. నీళ్లు తీశాక ఆత్రంగా తాళం తిప్పి ఇంజను వేయకూడదు. సిలిండర్లలోకి చేరిన నీరు ఇంజనును లోపలే విరిచేస్తుంది. వరద నష్టాన్ని ఇచ్చే మామూలు పాలసీ, నీటిలో ఇంజను వేసినందువల్ల కలిగిన నష్టాన్ని సాధారణంగా ఇవ్వదు. దానికి వేరే రక్షణ తీసుకోవాలి. బండి చిన్నదైనా పెద్దదైనా తోయించి వర్క్‌షాపుకు చేర్చడమే మార్గం.

ఇప్పుడు ప్రభువు చెప్పినట్టు కూర్చుని లెక్క వేద్దాం. 20 లక్షల అప్పు, నూటికి 12 వడ్డీ, 60 నెలల వాయిదాలు అనుకోండి. నెలకు సుమారు 44,500 రూపాయలు. అయిదేళ్లు పూర్తయ్యేసరికి కట్టేది దాదాపు 26 లక్షల 70 వేలు. నగరంలో లీటరుకు పది కిలోమీటర్లు నడిస్తే సంతోషించాలి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే వంద లీటర్ల పెట్రోలు, అంటే పది వేలకు పైనే. భీమాకు, సర్వీసుకు, టైర్లకు, రేపు చెడబోయే భాగానికి కలిపి నెలకు 15 వేలైనా పక్కన పెట్టకుండా ఇలాంటి బండిని ఇంటికి తేవద్దని నా సలహా. అంతా కలిస్తే నెలకు 70 వేలు. డ్రైవరును పెట్టుకుంటే అతని జీతం వేరు. ఈ సంఖ్యను ఒక కాగితం మీద రాసి ముందుగా మీ ఇల్లాలికి చూపించండి. ఆమె ఏమీ అనకుండా కాగితాన్ని మడిచి తిరిగి ఇచ్చేస్తే జవాబు దొరికినట్టే.

పరిశుద్ధ గ్రంథంలో ఈ లెక్క తప్పిన ఇల్లు ఒకటుంది, అది మామూలు ఇల్లు కాదు, సొలోమోను రాజు ఇల్లు. రాజుల మొదటి గ్రంథం చదివితే ఆయన వద్ద 1,400 రథాలు, 12,000 మంది రౌతులు ఉన్నట్టు, ఐగుప్తు నుండి తెప్పించిన ఒక్కొక్క రథానికి 600 వెండి నాణెముల వెల అయినట్టు రాసి ఉంది. మనం ఇక్కడిదాకా చదివి, అబ్బ ఎంత వైభవం అనుకుని పుట తిప్పేస్తాం. అదే గ్రంథంలో అంతకు ముందొక చోట మరొక సంగతి ఉంది. దేశాన్ని 12 భాగాలు చేసి 12 మంది అధికారులను నియమించాడు సొలోమోను. ఒక్కొక్కరు ఏడాదిలో ఒక్కొక్క నెల రాజగృహానికి భోజన పదార్థాలు పంపాలి. దానితో పాటు గుర్రాలకు యవలు, గడ్డి కూడా తెచ్చి అప్పగించాలి. రథానికి వెల ఇచ్చింది రాజు. గుర్రాలకు దాణా పెట్టింది మాత్రం పొలం దున్నుకునే రైతు. వెల ఒక్కసారితో తీరుతుంది, దాణా రోజూ పెట్టాలి. రాజు గుర్రాలను ఎక్కువగా సంపాదించుకోరాదని ద్వితీయోపదేశ కాండంలో దేవుడు ముందే చెప్పింది ఎందుకో ఇక్కడ కొంత తెలుస్తుంది.

సొలోమోను బ్రతికి ఉన్నంత కాలం ఆ వైభవం సాగింది. ఆయన పోయాక ప్రజలు ఆయన కుమారుడు రెహబాము దగ్గరకు వచ్చి, మీ తండ్రి మా మీద మోపిన కాడి బరువుగా ఉంది, కొంచెం తగ్గించమని అడిగారు. అతడు తగ్గించనన్నాడు, ఇంకా పెంచుతానన్నాడు. పది గోత్రాలు విడిపోయాయి. వెట్టిచాకిరి అధికారిని జనం రాళ్లతో కొట్టి చంపారు. అప్పుడు రెహబాము ఏం చేశాడు? గబగబా తన రథమెక్కి యెరూషలేముకు పారిపోయాడు. రథం ఆ రోజు అందుకే పనికి వచ్చింది.

మన ఇళ్లలో ఆ దాణా పెడుతున్నది ఎవరో చూసుకుందాం. బండి కొన్నది తండ్రి. వాయిదా కట్టవలసిన నెలలో ఆగిపోయినది కూతురి కాలేజీ ఫీజు. గేరుబాక్సు బాగు చేయించిన నెలలో వాయిదా పడినది తల్లి కంటి ఆపరేషను. తాకట్టు పెట్టినది భార్య గాజులు. వీరిలో ఎవరూ ఆ బండి కావాలని అడగలేదు. కొందరు దాంట్లో నెలకొకసారైనా ఎక్కరు. ఇల్లు బయటినుంచి చూసేవారికి వెలిగిపోతుంటుంది, లోపల ప్రతి ఒక్కరూ తమ వంతు నెల యవలు మోస్తుంటారు. పాపసంకీర్తనం వినే చోట కూర్చునే మాకు, అప్పు మాట అబద్ధంతో మొదలై, ఆ అబద్ధం భార్యాభర్తల మధ్య మౌనంగా మారడం కొత్త సంగతి కాదు.

ఇంటి బయట కూడా దాణా పెట్టేవారున్నారు. పెద్ద బండి గలవారు గనుక వర్క్‌షాపు యజమాని అప్పుగా పని చేసి పెడతాడు. రెండు నెలలు, మూడు నెలలు తిప్పుతారు. ఆ షెడ్డులో బండి కింద పడుకుని, కళ్లలో నూనె పడుతున్నా పని చేసే కుర్రవానికి శనివారం కూలి ఆలస్యమవుతుంది. మెకానిక్కులు దోచుకుంటున్నారని బండి గలవారు అంటుంటారు. దొంగ భాగాలు వేసి డబ్బు గుంజేవారు ఉన్నారు, కాదనను. అయితే బండి తయారైన తీరే ఖరీదైనదైతే దానిని బాగుచేసేవాని పని చవక కాజాలదు. పనివాడు కూలికి అర్హుడని ప్రభువు చెప్పారు. కూలి బిగబట్టినవారి మీద ఆ కూలే కేకలు వేస్తుందని యాకోబుగారి లేఖ హెచ్చరిస్తుంది. పొలం కోసినవారి కూలికి వర్తించినది బండి బాగుచేసినవారి కూలికి వర్తించకుండా ఉంటుందా?

ఇప్పుడు మా వైపు కూడా చూపు తిప్పక తప్పదు. కొన్ని విచారణలలో గురువుగారి గురుత్వ రజతోత్సవానికి విశ్వాసులంతా చందాలు వేసుకుని ఒక మంచి కారు బహూకరించాలని ముచ్చటపడతారు. ఆ ప్రేమకు కృతజ్ఞులం. పల్లెలు తిరిగి పూజలు చెప్పే గురువుకు బండి అవసరమే. కాని "మంచి" అనే మాట ఒక కమిటీ సమావేశంలో మొదలై మూడో సమావేశానికి ఎంత పెద్దదవుతుందో చూస్తున్నాం. గురువులు నిరాడంబరంగా జీవించాలని, ఆడంబరంగా కనిపించే వాటికి దూరంగా ఉండాలని శ్రీసభ చట్టం 282వ నియమం చెబుతుంది. 2013 జూలై 6న గురువిద్యార్థులతో, నవసన్యాసులతో మాట్లాడుతూ ఫ్రాన్సిస్ పాపుగారు, కొత్త మోడలు కారులో తిరిగే గురువును, మఠకన్యను చూస్తే తనకు బాధ కలుగుతుందని చెప్పారు. బండి అవసరమే, అయితే సాదా బండి చాలునని, సొగసైన బండి మీద మనసు పోతే ఆకలితో చనిపోతున్న పిల్లలను తలచుకొమ్మని కూడా అన్నారు. అదే సంవత్సరం సెప్టెంబరులో ఇటలీ దేశపు గురువొకరు తాను ఏళ్ల తరబడి నడిపిన 1984 నాటి పాత రెనో కారును, మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన దానిని, ఇస్తే పాపుగారు సంతోషంగా పుచ్చుకున్నారు. 2017 నవంబరులో లంబోర్గిని కంపెనీవారు తెల్లని పరుగు పందెపు కారులాంటి బండిని సమర్పిస్తే, దానిమీద సంతకం చేసి, ఆశీర్వదించి వేలానికి పంపారు. 2018 మేలో అది 7 లక్షల 15 వేల యూరోలకు పోయింది. ఇరాకు దేశంలో నీనెవె మైదానపు క్రైస్తవుల ఇళ్లు తిరిగి కట్టడం వంటి పనులకు ఆ డబ్బు కేటాయించారు.

ఇంతకన్నా మనకు దగ్గరి సంగతి ఒకటుంది. 1964 డిసెంబరులో బొంబాయిలో అంతర్జాతీయ దివ్యసత్ప్రసాద మహాసభలు జరిగినప్పుడు పునీత ఆరవ పౌలు పాపుగారు మన దేశానికి వచ్చారు. ఆయన వాడటానికి అమెరికా నుండి తెల్లని లింకన్ కారు వచ్చింది. తిరిగి వెళ్లేటప్పుడు ఆ కారును మదర్ తెరెసాకు ఇచ్చి వెళ్లారు. కలకత్తా మురికివాడల్లో నడిచి తిరిగే సిస్టర్లకు అంత పొడవాటి అమెరికా కారు! దానికి పెట్రోలు పోయించాలంటేనే ఒక అన్నదానం ఆగేది. ఆమె దానిని తిరస్కరించలేదు, గారేజీలో పెట్టి గుడ్డ కప్పనూ లేదు. లాటరీ టిక్కెట్లు అమ్మించింది. వచ్చిన సొమ్ము కుష్ఠురోగుల గ్రామమైన శాంతినగర్‌కు ఉపయోగపడింది. ఉన్నపళంగా అమ్మేస్తే వచ్చేదానికన్నా టిక్కెట్ల వల్ల ఎక్కువ వస్తుందని ఆమెకు తట్టడం చూస్తే, పునీతులకు లెక్కలు రావని మనం అనుకోవడం ఎంత పొరపాటో తెలుస్తుంది.

కాబట్టి విచారణ పెద్దలకు నా మనవి. గురువుగారికి బండి కొనే తీర్మానం రాసేటప్పుడు వెల ఒక్కటే రాయకండి. ఏడాదికి సర్వీసు ఎంత, భీమా ఎంత, టైర్లు ఎప్పుడు మార్చాలి, ఈ ఖర్చు ఏ పద్దు నుంచి వస్తుంది, ఇవి కూడా రాయండి. గురువుగారికి అయిదారేళ్లకు బదిలీ అవుతుంది. బండి విచారణ పేరనే ఉంటే తరువాత వచ్చే గురువు దానికి దాణా పెట్టాలి, అదీ ఆదివారపు కానుకల్లోంచే. కానుకల పళ్లెంలో పది రూపాయలు వేసిన అవ్వకు తన పది రూపాయలు ఏ గాలి తిత్తిలోకి పోతున్నాయో తెలుసుకునే హక్కుంది.

ఇప్పటికే అలాంటి బండి కొని ఇబ్బంది పడుతున్న కుటుంబాలు ఉంటే సిగ్గుపడవద్దు. నష్టానికైనా సరే, పెద్ద భాగమేదీ చెడకముందే అమ్మడం మంచిది. ఇంత పెట్టాం గనుక ఇంకొంత పెడదామనే ఆలోచనే ఎక్కువమందిని ముంచుతుంది. పెట్టిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు, ఇకమీద పెట్టేదాన్నే లెక్కించాలి. అమ్మేటప్పుడు ఉన్న లోపం కొనేవానికి చెప్పి అమ్మండి. వచ్చిన డబ్బులో ముందు వర్క్‌షాపు బాకీ, తరువాత బ్యాంకు బాకీ తీర్చండి. చిన్న కారో, స్కూటరో కొనుక్కుంటే వియ్యాలవారు నాలుగు రోజులు మాట్లాడుకుంటారు, అయిదో రోజు వారికి వేరే పని ఉంటుంది.

అమ్మనక్కరలేని స్తోమతు గలవారికి డ్రైవరు గురించి ఒక మాట. అపోస్తలుల కార్యములలో ఇతియోపియా అధికారి ఫిలిప్పును తన రథంలోకి ఎక్కించుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు, తరువాత రథం ఆపమన్నాడు. ఆపమన్నాడంటే తోలేవాడొకడు ఉన్నాడన్న మాట. ఆదివారం మీరు దివ్యబలిపూజలో ఉన్నంతసేపు మీ డ్రైవరు ఎండలో బండి తుడుస్తున్నాడా, నీడలో కూర్చున్నాడా? పండుగ నాడు అతడు ఎక్కడ భోజనం చేస్తున్నాడు? ఈ మధ్య విడి భాగం విదేశం నుంచి రావాలని బండ్లు వర్క్‌షాపులో మూడేసి వారాలు పడి ఉంటున్నాయి. పని లేదు కదా అని ఆ మూడు వారాల జీతం కోసేవారున్నారని విన్నాను. బండి ఆగింది గాని అతని పిల్లల బడి ఆగలేదు. ఈ నెల జీతం పూర్తిగా, ఒకటో తారీఖునే ఇవ్వండి.